ఆదివారం బడికి పలక కావాలి

వసంత పంచమి నాడు బాసర గుడిలో అక్షరాభ్యాసం చూసినవాళ్లకు తెలుసు. ఒక పిల్ల ఏడుస్తుంటుంది, ఒక పిల్లడు బలపం కొరుకుతుంటాడు. అయినా ప్రతి బిడ్డా అమ్మ ఒళ్లోనో నాయిన ఒళ్లోనో ఉంటుంది. నాందేడ్ వైపు నుంచి వచ్చే మరాఠీ కుటుంబాలూ అంతే. 2016లో ఆదిలాబాద్ నుంచి విడిపోయి బాసర నిర్మల్ జిల్లాలోకి వెళ్లింది కానీ ఆ కూర్చునే తీరు మారలేదు.

సొంతూళ్లకు దూరంగా, ఇక్కడి మన తెలుగు చర్చీల్లో సండే స్కూల్ దీనికి తలకిందులు. పిల్లల్ని వెనక గదిలో దింపి పెద్దలు ఆరాధనకు వెళ్లిపోతారు. ఆ రోజు పాఠమేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. బాసర పూజ ఆ గుడిది. తల్లిదండ్రులు చెయ్యి పట్టుకుని దిద్దించే పద్ధతి మాత్రం మనమూ తెచ్చుకోవచ్చు. కనీసం మొదటి పది నిమిషాలు పిల్లల పక్కన కూర్చోండి.

నిజానికి సండే స్కూల్ పేరు పొందిందే అక్షరాలతో. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్, వారమంతా పనికి పోయే పేద పిల్లలకు ఆదివారం పూట చదువు చెప్పించాడు. మన పిల్లల సంగతి వేరు. ఇంగ్లీషు దంచేస్తారు, తెలుగు కీర్తన పాడాలంటే మాత్రం ఇంగ్లీషు లిపి కావాలి. 'ల'కూ 'ళ'కూ తేడా అక్కడే పోతుంది.

యోనా కథ చెప్పిన రోజు పలక మీద ఆ పేరు రాయించండి, రెండక్షరాలే. తర్వాత మోషే, ఆ తర్వాత దావీదు. హబక్కూకు దాకా రావాలంటే ఒత్తులు రావాలి, తొందరేం లేదు! కంఠత వాక్యం పొట్టిదే ఇవ్వండి. బిస్కెట్ కోసం అప్పజెప్పిన పొడుగు వాక్యం బిస్కెట్‌తోపాటే అయిపోతుంది.

నిర్మల్ నుంచో జగిత్యాల నుంచో వచ్చిన అవ్వలకూ తాతలకూ ఇక్కడ పొద్దు పోదు. కథలు వాళ్లతో చెప్పించండి. మధ్యలో 'గట్ల', 'గిట్ల' వస్తే దిద్దకండి, పిల్లలు వినాల్సిన తెలుగు అదే. కానీ గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. తాతకైనా ఇందులో మినహాయింపు లేదు. పల్లీపట్టీ పంచేముందు ఎవరికి పడదో అడగండి.

క్రిస్మస్ నాటిక అక్టోబరులోనే మొదలుపెట్టి, మాటలు తెలుగు లిపిలోనే రాసివ్వండి. మరియ ఒక్కతే, యోసేపు ఒక్కడే. గొర్రెల కాపరులు ఎందరైనా ఉండొచ్చు కాబట్టి, మా బిడ్డకు వేషం రాలేదని ఎవరూ అలగరు.