లక్ష బస్తాల ఇల్లు

పాట్నా నగరంలో గోల్‌ఘర్ అనే వింత కట్టడం ఒకటి ఉన్నది. దూరాన్నుంచి చూస్తే బోర్లించిన పెద్ద కుండలాగా కనిపిస్తుంది. 1770లో బీహారు, బెంగాలు ప్రాంతాల్లో ఘోరమైన కరువు వచ్చి లెక్కలేనంతమంది చనిపోయారు. మళ్ళీ అలాటి కరువు వస్తే ధాన్యం సిద్ధంగా ఉండాలని, జాన్ గార్‌స్టిన్ అనే ఇంజనీరు చేత ఈ గిడ్డంగి కట్టించారు. అది 1786లో పూర్తి అయింది. దాని ఎత్తు 29 మీటర్లు. అడుగున గోడ మందమే మూడున్నర మీటర్ల పైచిలుకు!

గోల్‌ఘర్ బయట రెండు మెట్లదారులు చుట్టు తిరుగుతూ పైకి పోతాయి. బస్తా మోసుకుని ఒక దారిన ఎక్కాలి, శిఖరాన ఉన్న రంధ్రంలో ధాన్యం కుమ్మరించాలి, రెండవ దారిన దిగాలి. ఎక్కేవాడికి దిగేవాడు అడ్డం రాడు. ఎంత మంచి ఆలోచనో చూడండి! కాని, ధాన్యం బయటికి తీయవలసిన తలుపులను లోపలికి తెరుచుకునేలా పెట్టారని చెప్పుకుంటారు. లోపల ధాన్యం నిండుగా ఉంటే ఆ తలుపును ఎవరు తోయగలరు? అదృష్టమో, దురదృష్టమో గాని, గోల్‌ఘర్ ఎన్నడూ పూర్తిగా నిండలేదు.

గిడ్డంగి అనగానే మనకు తోచేది, "ఎంత పడుతుంది?" అన్న ప్రశ్న. అయితే అసలు ప్రశ్న, "పెట్టినది పాడుకాకుండా, మనుషులకు దెబ్బ తగలకుండా, ఎలా బయటికి తీస్తాము?" అన్నది.

ఇప్పటి బియ్యపు గిడ్డంగి ఒకటి తీసుకుందాం. మన దేశంలో ఇలాటి గిడ్డంగులను 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ మొదలైనవి నడుపుతున్నాయి. అయిదు వేల టన్నులు పట్టే గిడ్డంగిలో 50 కిలోల బస్తాలు ఎన్ని పడతాయో లెక్క వేయండి. సరిగ్గా ఒక లక్ష! అంత బియ్యం ఉన్న ఇంట్లోకి వెళితే, ముందుగా మనకు ఆశ్చర్యం కలిగించేది బస్తాలు కావు, ఖాళీ. గోడలకూ బస్తాలకూ మధ్య మనిషి నడిచే సందు. ఒక దొంతరకూ మరొక దొంతరకూ మధ్య బాట. నేల మీద తెల్లరంగు గీతలు. ఒక్కొక్క దొంతర సుమారు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉంటుంది. బస్తాలు గీత దాటరాదు.

ఇంత చోటు వృథాయే కదా అని మీరనవచ్చు. ఆ సందులు లేవనుకోండి. పోయిన ఏడు వచ్చిన బియ్యం వెనక పడుతుంది, మొన్న వచ్చినది వాకిట్లో ఉంటుంది. పాతది తీయాలంటే కొత్తదాన్నంతా కదపాలి. లక్ష బస్తాలను ఒక్కొక్కసారి అనవసరంగా కదిపితే లక్ష మోతలు! అవి మోసేది హమాలీల వీపులు. పోనీ, కదపకుండా కొత్తదే పంపిస్తూ ఉంటే పాతది మూల మగ్గిపోతుంది. మీ ఇంట్లో బియ్యపు డబ్బా అడుగంటకముందే అమ్మ పైన కొత్త బియ్యం పోస్తే అడుగున ఏమవుతుందో ఆమెనే అడగండి. అందుకే, ముందు వచ్చినది ముందు పోవాలి. ఏ దొంతర ఎప్పుడు వచ్చిందో తెలిపే కార్డు ఒకటి దానికే తగిలించి ఉంటుంది.

ఆ సందుల్లోనే గాలి ఆడుతుంది, పురుగును వెతికే మనిషి తిరుగుతాడు. బియ్యంలో తేమ పరిమితి మించితే ప్రభుత్వం కొనదు. నేల చెమ్మ తగలకుండా బస్తాల కింద చెక్క చట్రాలు పరుస్తారు. ముక్కుపురుగు మహా టక్కరి. గింజకు చిన్న రంధ్రం చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్లపురుగు లోపలి పిండి తిని పెరుగుతుంది. పైకి గింజ చక్కగానే కనబడుతుంది!

పురుగు పట్టిన దొంతరకు పెద్ద పట్టా కప్పి, అంచుల మీద ఇసుక నింపిన పొడుగాటి సంచులు పెట్టి, లోపల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఉంచుతారు. వాటికి గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ వాయువు పురుగును చంపినట్టే మనిషినీ చంపుతుంది. అందుచేత శిక్షణ పొందినవాళ్ళు తప్ప ఎవరూ ఆ పని చేయరాదు, ఆ బిళ్ళలను ఇళ్ళలో అసలే వాడరాదు.

విషం లేకపోయినా ధాన్యం ఉన్నచోట గాలిని నమ్మరాదు. మన పల్లెల్లో పూర్వం జొన్నలు పాతరలో పోసి మూసేవారు. గింజలు కూడా శ్వాసిస్తాయి. అవి లోపలి ప్రాణవాయువు వాడుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. అది గాలికంటె బరువు గనుక గుంటలోనే నిలుస్తుంది. పురుగులు బతకలేవు, జొన్నలు బాగుంటాయి. కాని మూత తీయగానే తొందరపడి దిగిన మనిషికీ ఊపిరాడదు.

ఇక బస్తాల బరువు సంగతి. దొంతర కట్టేటప్పుడు ఒక వరుస నిలువుగా, పై వరుస అడ్డంగా పేరుస్తారు. అప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. తీసేటప్పుడు పైనుంచి మెట్లుమెట్లుగా తీయాలి. సులువు గదా అని అడుగు బస్తాను లాగితే పైవన్నీ మీద పడతాయి. గిడ్డంగి అరుగును లారీ తొట్టి ఎత్తుకు కట్టేది కూడా హమాలీ బరువుతో ఎక్కీ దిగీ కాలు జారకుండా ఉండాలనే.

దుమ్ము కూడా ప్రమాదమే అంటే నమ్ముతారా? 1785లో ఇటలీలోని టూరిన్ నగరంలో, ఒక రొట్టెలవాడి పిండి కొట్టులో ఒక కుర్రవాడు పైగది నుంచి పిండిని కిందికి రాలేలా తవ్వుతున్నాడు. ఉన్నట్టుండి పిండి రాశి కూలి, దట్టమైన మేఘంలాగా లేచింది. గోడకు వేలాడుతున్న దీపం దానికి తగిలి పెద్ద పేలుడు జరిగింది. కుర్రవాడి ముఖం, చేతులు కాలాయి. రాశిగా ఉన్న పిండి అంత త్వరగా అంటుకోదు. గాలిలో లేచినప్పుడు మాత్రం ప్రతి రేణువు చుట్టూ ప్రాణవాయువు ఉంటుంది, అన్నీ ఒక్కసారిగా మండుతాయి.

అందుకే ఇప్పటి గిడ్డంగుల్లోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోనివ్వరు. నేలను తరచుగా ఊడుస్తారు. ఊడ్చిన గింజలను పారవేయరు, చెరిగి, తూచి, వేరే బస్తాలో పోసి లెక్కలో రాసుకుంటారు.