పళ్లకు రాత్రి కాపలా

నిద్రలో పళ్లు పటపటా కొరకడాన్ని దంతవైద్యులు బ్రక్సిజం అంటారు. పళ్లు నూరడమనే అర్థమున్న గ్రీకు మాట నుంచి పుట్టిన పేరది. పారిస్‌లో మారీ, పియెట్కీవిచ్ అనే ఇద్దరు 1907లో దీన్ని ‘బ్రక్సోమేనీ’ అన్నారు. ఇందులో రెండు రకాలున్నాయి. కొందరు కింది పళ్లను పై పళ్లకేసి అటూఇటూ రాస్తారు. ఆ చప్పుడు పక్కన పడుకున్నవాళ్ల నిద్ర చెడగొడుతుంది. మరికొందరు చప్పుడు చేయకుండా దవడ బిగబట్టి పడుకుంటారు. పొద్దున లేచేసరికి దవడ పట్టేసి ఉంటే తప్ప ఆ సంగతి బయటపడదు. పిల్లలు పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని ఇళ్లలో అంటుంటారు. అందుకు గట్టి ఆధారం లేదు. పిల్లల్లో చాలామందికి పెరిగేకొద్దీ ఆ అలవాటు దానంతటదే పోతుంది.

దవడకు విశ్రాంతి లేక

నమలడం, మింగడం అన్నీ కలిపినా రోజు మొత్తంలో పై పళ్లు కింది పళ్లను తాకే సమయం అరగంట కూడా ఉండదు. దవడ వదులుగా ఉన్నప్పుడు రెండు వరసల మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. పళ్లు కొరికేవారిలో చెంపల్లో ఉండే మాసెటర్, కణతల్లో ఉండే టెంపొరాలిస్ కండరాలు రాత్రంతా విడతలు విడతలుగా బిగుసుకుంటాయి. నిద్ర కొన్ని క్షణాలు తేలికపడి, గుండె వేగం పెరిగిన వెంటనే దవడ కదలడం నిద్ర పరీక్షల్లో కనిపిస్తుంది. మానసిక ఒత్తిడి, రాత్రిపూట మద్యం, పొగ, మోతాదు మించిన కాఫీ, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు దీన్ని ఎక్కువ చేస్తాయి.

పంటిమీది ఎనామిల్‌ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. కానీ అరిగితే మళ్లీ పెరగదు. కోరపళ్ల మొనలు పోయి పక్క పళ్లతో సమానమవుతాయి. లోపలి పసుప్పచ్చని డెంటిన్ బయటపడి చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. నాలుక అంచున పళ్ల అచ్చులు, చెంప లోపల తెల్లని గీత పడతాయి. ఫిల్లింగులు, క్యాపులు పగులుతాయి. పొద్దున్నే కణతలు నొప్పి పెడతాయి, చెవి ముందున్న కీలు టక్కుమంటుంది. మామూలుగా నోరు మూడు వేళ్లు నిలువునా పట్టేంత తెరుచుకుంటుంది. అంత తెరవలేకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.

గార్డు తయారీ

ఈ అరుగుదల నుంచి పళ్లను కాపాడేందుకు రాత్రిపూట పెట్టుకునే నైట్ గార్డ్ ఒక వరస పళ్లను పూర్తిగా కప్పే ప్లాస్టిక్ తొడుగు. డాక్టరు ట్రేలో ఆల్జినేట్ ముద్ద పెట్టి పళ్ల అచ్చు తీస్తారు, లేదా స్కానర్‌తో కొలత తీసుకుంటారు. దాని ప్రకారం ల్యాబ్‌లో గార్డు తయారవుతుంది. బిగించే రోజున నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి కొరకమంటారు. మచ్చ ముదురుగా పడినచోట గార్డును అరగదీసి మళ్లీ కొరికిస్తారు. వెనక పళ్లన్నిటి కిందా మచ్చలు సమానంగా పడేదాకా ఈ పని సాగుతుంది. గార్డు ఎంత బాగా పనిచేస్తుందనేది ఈ సర్దుబాటు మీదే ఆధారపడి ఉంటుంది.

మెత్తని గార్డు చవక, అలవాటు పడటం తేలిక. గట్టిగా కొరికేవారు దాన్ని కొన్ని నెలల్లోనే చిల్లులు పడేలా నమిలేస్తారు. గట్టి అక్రిలిక్ గార్డు ఏళ్ల తరబడి వస్తుంది. వేడినీళ్లలో ముంచి ఇంట్లోనే కొరికి అచ్చు వేసుకునే రకం తాత్కాలిక అవసరానికే పనికొస్తుంది. ముందు పళ్లకు మాత్రమే తొడిగే చిన్న గార్డును డాక్టరు కనిపెట్టి చూడకుండా నెలల తరబడి వాడితే, వెనక పళ్లు కాస్త పొడుచుకొచ్చి ముందు పళ్లు కలవకుండా పోవచ్చు.

ఎంత వరకు

గార్డు అలవాటును మాన్పించదు. దెబ్బ పంటికి తగలకుండా తాను తీసుకుంటుంది. నిద్రలో పళ్లు కొరకడాన్ని ఇది తగ్గిస్తుందనడానికి చాలినంత ఆధారం లేదని, పళ్ల అరుగుదల విషయంలో మేలు ఉండవచ్చని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2007 నాటి సమీక్ష తేల్చింది. దవడ నొప్పి కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి తగ్గదు. అందుకే కొన్నాళ్లు మెత్తని తిండి, వేడి కాపడం, దవడ వ్యాయామాలు దీనికి తోడు కావాలి. పగలు పనిలో పడి దవడ బిగబట్టేవారు పెదవులు మూసి, పళ్లు విడిగా ఉంచడం అలవాటు చేసుకోవాలి.

గురకతో పాటు ఊపిరి ఆగుతుంటే ముందు స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించాలి. పై పళ్ల గార్డు ఆ జబ్బును కొందరిలో పెంచే అవకాశం ఉంది. మెట్లెక్కినప్పుడు వచ్చి కూర్చుంటే తగ్గే దవడ నొప్పి గుండెకు సంబంధించినది కావచ్చు. అప్పుడు వెళ్లాల్సింది గుండె డాక్టరు దగ్గరికి.

గార్డును రోజూ చల్లనీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగాలి. టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది, వేడినీళ్లు ఆకారం మారుస్తాయి. రోహిణి కార్తె ఎండలో కారులో వదిలేసినా అంతే. దంతవైద్యుడి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ గార్డునూ తీసుకెళ్లాలి. కొన్ని నెలలు వాడిన గార్డును వెలుతురులో పట్టుకుని చూస్తే నున్నగా మెరిసే గీతలు, చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. గార్డు లేకపోతే అవి పళ్లమీద పడేవి.