సెటిలింగ్ పాండ్

కంకర, రోబోశాండ్ కడిగిన నీటిని నేరుగా వాగులోకి వదలకుండా, మడ్డి దిగేదాకా నిలబెట్టే గుంట ఇది. సన్నని ఇసుక రేణువు మీటరు లోతుకు రెండు నిమిషాల్లో దిగుతుంది. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువుకైతే మూడు రోజులు పడుతుంది, అదీ నీరు కదలకుంటేనే. అందుకే గుంటలు వరుసగా తవ్వి, నీరు ఒకదాన్నుంచి మరోదానికి మెల్లగా పొర్లేలా చూస్తారు. తొందరగా దిగాలంటే పాలీఅక్రిలమైడ్ అనే రసాయనం కలుపుతారు. దాంతో రేణువులు ముద్దకట్టి బరువెక్కుతాయి. పైన మిగిలే తేటనీటిని పంపుతో తోడి మళ్లీ కడగడానికే వాడుకోవచ్చు. గుంట తవ్వడం తేలికే, చిక్కంతా అడుగు బురదతోనే. ఎప్పటికప్పుడు ఎత్తిపోయకపోతే గుంట పూడి, నీరు నిలిచే సమయం తగ్గి, మురికి అలాగే బయటికి పోతుంది. నదులు, వాగుల్లోకి వదిలే వ్యర్థజలాల్లో తేలియాడే ఘనపదార్థాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశంలో సాధారణ ప్రమాణం.