అడ్డం తెలియకపోతే నిలువు చెబుతుంది

‘రాజధాని కాదు, అయినా రాష్ట్ర హైకోర్టు అక్కడే (5)’.

గళ్ళ నుడికట్టులో ఇలాంటి ఆధారం కనబడగానే ‘జనరల్ నాలెడ్జి ఉన్నవాళ్ళకే ఇది’ అనుకుని పత్రిక పక్కన పడేసేవాళ్ళు చాలామంది. నిజానికి జ్ఞానం తక్కువైనా గడి నిండుతుంది. అది ఎలా నిండుతుందో తెలిస్తే ఆట మీద భయం పోతుంది. అందుకే ఈ ఒక్క ఆధారాన్నీ కాస్త నిదానంగా విప్పి చూద్దాం.

బ్రాకెట్లోని 5 అంటే జవాబుకు ఐదు గడులు. తెలుగులో గడికి ఒక అక్షరం. గుణింతమైనా ఒత్తక్షరమైనా ఒకే గడిలో పడుతుంది. పొల్లుకు కొందరు విడిగా గడి ఇస్తారు, కొందరు ముందు అక్షరంతోనే కలిపేస్తారు. ఇక్కడ విడిగా ఇచ్చే పద్ధతే పాటిద్దాం.

రాజధాని ఒకచోట, హైకోర్టు ఇంకోచోట ఉన్న రాష్ట్రాలు గుర్తు చేసుకుంటే పేర్లు బాగానే వస్తాయి. రాజస్థాన్‌కు జోధ్‌పూర్, ఒడిశాకు కటక్, ఉత్తరాఖండ్‌కు నైనిటాల్, కేరళకు కొచ్చి, మధ్యప్రదేశ్‌కు జబల్‌పూర్, ఉత్తరప్రదేశ్‌కు ప్రయాగ్‌రాజ్, గుజరాత్‌కు అహ్మదాబాద్, ఛత్తీస్‌గఢ్‌కు బిలాస్‌పూర్. గడులు లెక్కపెడితే జోధ్‌పూర్ నాలుగు, నైనిటాల్ నాలుగు, కటక్ మూడు, కొచ్చి రెండు. ఐదు గడులవి నాలుగు మిగిలాయి: జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, అహ్మదాబాద్, బిలాస్‌పూర్. న్యాయవ్యవస్థ గురించి ఎంత చదివినవాళ్ళకైనా ఈ నాలుగింటిలో ఏదో ఆధారం ఒక్కటే చూసి చెప్పడం సాధ్యం కాదు.

ఇప్పుడు రెండో గడిలోంచి కిందికి దిగే నిలువు ఆధారం చూడండి: ‘ఉత్తరం మీద రాసేది, భోగంలో తేలేది (3)’. ఉత్తరం మీద రాసేది చిరునామా. దానికి మన పెద్దలు వాడిన మాట విలాసం. భోగమూ విలాసమే. దాని నడి గడే మన రెండో గడి, అందులో ‘లా’ పడింది. జబల్‌పూర్‌లో రెండో అక్షరం ‘బ’, ప్రయాగ్‌రాజ్‌లో ‘యా’, అహ్మదాబాద్‌లో ‘హ్మ’. మూడూ ఒక్క దెబ్బకు పోయాయి. మిగిలింది బిలాస్‌పూర్. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు రాజధాని రాయ్‌పూర్‌కు, హైకోర్టు బిలాస్‌పూర్‌కు వచ్చాయన్న సంగతి తెలియని మనిషి కూడా జవాబు రాసేశాడు. పైగా ఆ సంగతి ఇకమీదట మరిచిపోడు.

ఈ ఆట తెలుగులోకి వచ్చాక సంపాదించుకున్న అసలు బలం ఇక్కడే ఉందని నా నమ్మకం. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటి పజిల్ వేసినప్పుడు ఒక్కో గడిలో పడగలిగేవి 26 అక్షరాలే. ఇంగ్లీషులో ఒక అక్షరం తెలిసినంత మాత్రాన పెద్దగా ఏమీ తేలదు. అందుకే అమెరికా పద్ధతిలో దాదాపు ప్రతి గడినీ అడ్డం, నిలువు రెండూ పంచుకుంటాయి. మనకు ముప్పైకి పైగా హల్లులు, ప్రతిదానికీ గుణింతం, ఆపైన ఒత్తులు. ఒక గడిలో పడగలిగే రూపాలు వందల్లో ఉంటాయి. అందువల్ల తెలుగులో కలిసిన ఒక్క గడి చెప్పేంత సమాచారం ఇంగ్లీషులో ఒక్క గడి చెప్పలేదు. నల్లగడులు ఎక్కువున్నా మన నుడికట్టు విడిపోతుంది. కూర్చేవాడికి మాత్రం ఇదే పెద్ద పరీక్ష. ‘హ్మ’ ఉన్న నిలువు మాట కావాలంటే బ్రహ్మ దగ్గరికో బ్రాహ్మణుడి దగ్గరికో వెళ్ళాలి. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు దీన్ని చిన్నపనిగా చూడకుండా పట్టుబట్టి కూర్చారు.

ఆధారాల్లో రెండు జాతులున్నాయి. ఒకటి మాటతో ఆడేది. ‘బడిపిల్లాడి పలక తిరగేస్తే వడ్రంగికి పని (3)’. పలకను వెనక నుంచి చదివితే కలప. ‘ఎటునుంచి చదివినా రామలింగడే (5)’ అంటే వికటకవి. వీటికి పుస్తకజ్ఞానం అంతగా అక్కర్లేదు. తిరగేస్తే, తడబడితే, శీర్షాసనం వేస్తే లాంటి మాట కనబడగానే అక్షరాలతో ఏదో చెయ్యమంటున్నారని గ్రహిస్తే చాలు.

రెండోది తెలిసి ఉండాల్సినది. చాలామంది జంకేది దీనికే. కాని కూర్చేవాళ్ళు వెళ్ళే చోట్లు తక్కువ. భారత రామాయణాల్లో పాత్రలు, 27 నక్షత్రాలు, 60 సంవత్సరాల పేర్లు, రాగాలు, ప్రబంధాలు, పాత సినిమాలు. ‘2025 ఉగాదితో వచ్చిన ఏడు (4)’ అంటే విశ్వావసు. అరవై పేర్లూ ఒకసారి వరసగా చదువుకున్నవాళ్ళకు ఆ జాతి ఆధారాలన్నీ చేతికందినట్టే. అమరకోశపు పొట్టిమాటలు మరీ ఎక్కువ తిరుగుతుంటాయి. ఇభం అంటే ఏనుగు, తరి అంటే పడవ. ‘హరి’ అయితే చెప్పనే అక్కర్లేదు. విష్ణువు, సింహం, గుర్రం, కోతి, కప్ప, పాము, చిలుక అన్నీ అదే. ఇంట్లో ఎవరూ పలకని ఇలాంటి మాటలు ఆదివారం గళ్ళల్లో బతికి ఉన్నాయి. అది నాకు చాలా ఇష్టమైన సంగతి.

ఇక మన మొదటి జవాబైన బిలాస్‌పూర్‌లో ఉండే తెలుగువాళ్ళ సంగతి. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వెంట విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు ఉద్యోగాల మీద వచ్చాయి. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే మొదలైంది. ఇప్పుడు ఆ ఇళ్ళల్లో పిల్లల చదువు హిందీలో, ఇంగ్లీషులో సాగుతోంది. తెలుగు నుడికట్టు వాళ్ళకు అందదని పెద్దలే ముందు తీర్మానించేస్తారు. అది సరికాదు. వాళ్ళకు తెలిసినది వేరే దారిన వచ్చింది, అంతే. ‘భీముడి చేతిలో పోయిన విరాటుడి బావమరిది (4)’ అనే ఆధారానికి తెలుగు భారతమే చదివి ఉండాలని లేదు. ఛత్తీస్‌గఢ్ జానపద భారతగాథ పండవానీని తీజన్ బాయి పాడగా విన్నా చాలు, అందులో నాయకుడు భీముడే. కీచకుడు రాసేస్తారు. హరి లాంటి సంస్కృత పదాలు హిందీ పాఠాల్లోనూ ఉంటాయి. అటు ‘ఉత్తరాంధ్ర భూస్వామి (3)’ అని అడిగితే హైదరాబాదు పాఠకుడు తడుముకుంటాడేమో గాని, బిలాస్‌పూర్ ఇంట్లో నాయనమ్మ ‘బుగత’ అని వెంటనే అందిస్తుంది.

కూర్చేవాళ్ళకూ ఒక ధర్మం ఉంది. అరుదైన జవాబు పెట్టదలిస్తే దాని గడులను అందరికీ తెలిసిన మాటలతో కలపాలి. ‘బిలాస్‌పూర్ స్టేషన్ వచ్చే ఠాగూర్ కవిత (2)’ అనే ఆధారం తీసుకోండి. జవాబు ‘ఫాంకీ’. 1918లో వచ్చిన పలాతకా సంపుటిలోది. జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న భర్త రైలు మారడానికి బిలాస్‌పూర్‌లో ఆగుతాడు. అక్కడ రుక్మిణి అనే పేద స్త్రీకి పాతిక రూపాయలివ్వమని భార్య అడిగితే, ఆమెకు తెలియకుండా రెండే ఇచ్చి పంపేస్తాడు. భార్య పోయాక ఆ మోసం అతన్ని వదలదు. ఆ కవిత ఇప్పుడు బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఫలకం మీద ఉంది. రోజూ అటు నడిచేవాళ్ళకు ఇది తేలిక. కాకినాడలో కూర్చున్న పాఠకుడికి ఎలా? మొదటి గడిలో ముగిసేలా ‘రైలు కోసం నిలబడే చోటు (3)’, రెండో గడిలో ముగిసేలా ‘ధ్యాన్‌చంద్ ఆట (2)’ వేస్తే సరిపోతుంది. ప్లాట్‌ఫాం నుంచి ‘ఫాం’, హాకీ నుంచి ‘కీ’ వచ్చేస్తాయి. ఠాగూర్‌ను చదవని మనిషి కూడా ‘ఫాంకీ’ రాసి, ఇదేమిటని వెతుక్కుంటాడు. ఈ రెండు నిలువులూ లేకుండా ఆ ఆధారం వేస్తే మాత్రం అది పాఠకుడికి అన్యాయం.

ఇలాంటి ఆధారంలో మాట కూడా జాగ్రత్తగా వాడాలి. ఇది ఠాగూర్ సొంత జీవితంలో జరిగిందని చెప్పుకునేవాళ్ళున్నారు. మనకు చేతిలో ఉన్నది కవిత. కనుక ‘ఠాగూర్ ఆగిన స్టేషన్’ అని రాయకూడదు, ‘కవితలో వచ్చే స్టేషన్’ అనే రాయాలి. ఊరి పేరు విషయంలోనూ అంతే. గోవింద్ సాగర్ ఒడ్డున హిమాచల్‌లో ఇంకో బిలాస్‌పూర్ ఉంది. భాఖ్రా ఆనకట్ట కట్టాక దాని పాత ఊరు నీట మునిగింది. ఛత్తీస్‌గఢ్ ఊరు కావాలంటే ‘అర్పా ఒడ్డు’ అని నదిని చెప్పాలి.

ఫోన్లో వెతికి రాయడం తప్పా అని అడుగుతుంటారు. గడి ఖాళీగా ఉండగానే వెతికితే ఆట చప్పబడుతుంది. నిలువుల సాయంతో నింపాక, సరిచూసుకోవడానికి వెతికితే మంచిదే. అలా చూసిన సంగతి మనసులో నిలుస్తుంది.

రైల్వే కాలనీల్లో పండక్కి నాలుగిళ్ళవాళ్ళు కలిసినప్పుడు సొంతంగా ఒక నుడికట్టు కూర్చి చూడండి. పెద్దవాళ్ళ ఊరిమాటలు సగం, పిల్లలకు తెలిసిన ఛత్తీస్‌గఢ్ సంగతులు సగం. ఒకరికి తెలియని ప్రతి మాటనూ ఇంకొకరికి తెలిసిన మాటతో కలపాలన్నది ఒక్కటే నియమం. మొదలుపెట్టడానికి నిలువుగా ‘బుగత’ వేసి, అడ్డంగా రైల్వే ప్రాంతంలోని బజారు ‘బుధ్వారీ’ వేయండి. రెండింటికీ మొదటి గడి ఒకటే.