నల్లమందు వ్యసనం – క్షీణించే రక్షణశక్తి

నొప్పిని అణచే మందు శరీర రక్షణశక్తిని కూడా అణచగలదన్న సంగతి చాలామంది గృహస్థులకు తెలియదు. నల్లమందు, దాని నుండి తీసే మార్ఫిన్, కోడీన్, రసాయనశాలలో తయారయ్యే ట్రమడాల్, ఫెంటనిల్ – ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన ఔషధాలు.

చరక, సుశ్రుత సంహితలలో నల్లమందు లేదు. శార్ఙ్గధర సంహిత నాటికి అది 'అహిఫేనం' అనే పేరుతో మన వైద్యంలో కనిపిస్తుంది. గురుకులంలో దానిని మాకు ఉపవిషాలలో ఒకటిగా బోధించారు. శుద్ధి, మాత్ర తెలియనివాడు దానిని ముట్టరాదని నియమం. విరేచనాలను కట్టే గుణం దానికున్నది. మితి తప్పితే ఆ గుణమే దోషమవుతుంది.

ఎట్లాగంటే, పేగుల కదలిక మందగించి మలబద్ధకం ఏర్పడుతుంది. పేగుల లోపలి పొర బలహీనపడి, అక్కడి సూక్ష్మజీవులు బయటకు చొచ్చుకుపోతాయని జంతువులపై జరిగిన ప్రయోగాలు తెలిపాయి. దగ్గు అణగి, శ్వాస నెమ్మదించినప్పుడు ఊపిరితిత్తులలో కఫం నిలిచిపోతుంది. క్రిములను మింగివేసే రక్తకణాల చురుకుదనాన్ని కూడా మార్ఫిన్ తగ్గిస్తుంది. కాంటకుజీన్ అనే శాస్త్రవేత్త 1898లోనే గినీపందులలో ఈ విషయాన్ని గమనించారు. మన శాస్త్రం వ్యాధిక్షమత్వం అని చెప్పిన శక్తికి ఈ విధంగా అన్ని వైపుల నుండీ దెబ్బ తగులుతుంది.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్ర రోగులపై 2018లో వెలువడిన పరిశీలనలో, వైద్యులు రాసిన ఈ మందులు వాడుతున్నవారికి న్యూమోకాకస్ క్రిమి వలన తీవ్రవ్యాధి సోకే అవకాశం సుమారు 1.6 రెట్లు ఉన్నట్లు తేలింది. సూదితో ఎక్కించుకునేవారికి హెచ్.ఐ.వి., హెపటైటిస్-సి, గుండె కవాటాల ఇన్ఫెక్షన్ అదనపు ముప్పులు. ఇండియానా రాష్ట్రంలోని ఒక చిన్న కౌంటీలో 2015లో ఈ సూదుల మూలంగానే 180 మందికి పైగా హెచ్.ఐ.వి. సోకింది.

అయితే క్యాన్సర్ బాధితునికి వైద్యుడు ఇచ్చే మార్ఫిన్‌ను చూసి భయపడవద్దు. తీవ్రమైన నొప్పి కూడా శరీరాన్ని కృశింపజేస్తుంది. దోషం దుర్వినియోగంలోనే ఉన్నది.

ఇంట్లో పాటించవలసినవి:

శస్త్రచికిత్స తరువాత మిగిలిన నొప్పి మాత్రలను దాచి, మరొకరికి ఇవ్వకండి. ట్రమడాల్‌ను 2018లోనే మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. కోడీన్ ఉన్న దగ్గుమందును పిల్లలకు పోయకండి.

అలవాటుపడినవారు ఒక్కసారిగా మానివేయరాదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి. ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయ కేంద్రం ఫోను నంబరు 14446.

ఇటువంటివారికి జ్వరం, ఆయాసం, సూది గుచ్చినచోట వాపు కనిపిస్తే తులసి కషాయంతోనో మిరియాలతోనో కాలయాపన చేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, వాడుతున్న మందు సంగతి దాచకుండా చెప్పండి. పరువు కోసం దాచిన ఆ ఒక్క మాట ప్రాణానికే ముప్పు తేవచ్చు.