మేలుకోగానే మూర్ఛపోయే కంప్యూటర్

రాత్రి భోజనాల వేళ. దీపాలు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ఎవరో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశారు. టప్పుమని ఇల్లంతా చీకటి! ఫ్యూజు పోయింది.

అప్పుడు తెలిసినవారు ఏం చేస్తారో గమనించారా? ముందు అన్ని స్విచ్చులూ తీసేస్తారు. మెయిను కట్టేసి కొత్త ఫ్యూజు తీగె వేస్తారు. మళ్ళీ మెయిను వేసి, ఒక్కొక్క స్విచ్చే వేస్తూ వస్తారు. దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది. ఇస్త్రీపెట్టె దగ్గరకు వచ్చేసరికి ఫ్యూజు మళ్ళీ పోయింది. ఇంకేముంది, లోపం ఎక్కడుందో తెలిసిపోయింది! ఇప్పుడు చాలా ఇళ్ళలో తీగె ఫ్యూజుకు బదులు తనంతట తానే పడిపోయే స్విచ్చి ఉంటోంది. అయినా ఉపాయం అదే.

ఈ ఉపాయంతోనే కంప్యూటర్‌కు వచ్చే ఒక మొండి జబ్బును కుదర్చవచ్చు. ఆ జబ్బు లక్షణాలు ఇవి: స్విచ్చి వేయగానే కంప్యూటర్ మేలుకుంటుంది. తెర మీద విండోస్ గుర్తు వస్తుంది. చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. అంతలో హఠాత్తుగా తెర నీలంగా మారి, ఏదో లోపం జరిగిందన్న మాట కనిపిస్తుంది. (2025లో వచ్చిన మార్పు తరువాత విండోస్ 11లో ఈ తెర నల్లగా ఉంటుంది.) కంప్యూటర్ ఆగి, మళ్ళీ మొదలై, సరిగ్గా అక్కడికే వచ్చి మళ్ళీ ఆగిపోతుంది. నిన్న మీరు చేసిందల్లా పాటలు బాగా వినపడాలని కొత్త సౌండ్ డ్రైవర్ ఎక్కించడమే!

“అంతా చెరిపేసి విండోస్ మళ్ళీ వేయాల్సిందే” అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. తొందరపడకండి. మీ ఫొటోలు, మీరు నెల రోజులు కష్టపడి రాసుకున్న ప్రాజెక్టు అన్నీ అందులోనే ఉన్నాయి. ముందు జబ్బేమిటో తెలుసుకుందాం.

డ్రైవర్ అంటే ఎవరు?

ఇక్కడ డ్రైవర్ అంటే మనిషి కాదు, ఒక ప్రోగ్రాం. కంప్యూటర్‌ను నడిపే విండోస్‌కు, శబ్దం పుట్టించే చిప్‌కు మధ్య అది దుబాసీ వంటిది. “ఈ పాట వినిపించు” అని విండోస్ చెబితే, ఆ మాటను చిప్‌కు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చి అందిస్తుంది.

ఇది తేలికైన పని కాదు. కాంపాక్ట్ డిస్క్ పాటనే తీసుకోండి. అందులో ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 2 బైట్ల సంఖ్యగా రాస్తారు. కుడి, ఎడమ స్పీకర్లకు వేర్వేరు కొలతలు. అంటే 44,100 × 2 × 2 = 1,76,400. ఒక్క సెకను పాటకు ఇన్ని బైట్లు! ఇవన్నీ వేళ తప్పకుండా చిప్‌కు అందాలి. ఆలస్యమైతే పాట తెగిపోయి గరగరమంటుంది.

అందుకే చిప్‌ను, జ్ఞాపకశక్తిలోని చిరునామాలను నేరుగా ముట్టుకునే అధికారం డ్రైవర్‌కు ఇస్తారు. మనం వాడే మామూలు ప్రోగ్రాంలకు ఆ అధికారం లేదు.

ఒకరి తప్పుకు అందరూ ఆగడమెందుకు?

రైలును ఊహించుకోండి. పెట్టెలో ప్రయాణికుడు కాలుజారి పడినా రైలు సాగుతూనే ఉంటుంది. ఇంజనులో ఉన్నవారు పొరపాటు చేస్తే? రైలు మొత్తానికే ముప్పు. బొమ్మలు గీసే ప్రోగ్రాం పాడైతే అదొక్కటే మూతపడుతుంది. అది పెట్టెలోని ప్రయాణికుడు. చాలా డ్రైవర్లు మాత్రం ఇంజనులో కూర్చున్నవే.

వేరే రకం చిప్ కోసం రాసిన డ్రైవరును మీ కంప్యూటర్లో వేశారనుకోండి. ప్రారంభంలో అది చిప్‌ను పలకరిస్తుంది. తాను ఎదురుచూసిన జవాబు రాదు. ఆ సంగతి సరిచూసుకోకుండా ముందుకు పోతే, తనది కాని చిరునామాలో చెయ్యి పెట్టవచ్చు. విండోస్ దాన్ని పసిగడుతుంది. ఇంకా ముందుకు సాగితే డిస్క్ మీద ఉన్న మీ ఫైళ్ళలో చెత్త రాసే ప్రమాదం ఉంది. అందుకని మొత్తం పని ఆపేస్తుంది. కనుక ఆ నీలి తెర మన శత్రువు కాదు. అది ఫ్యూజు! తాను పోయి ఇంటిని కాపాడుతుంది.

ముడి విప్పడం ఎలా?

ఇక్కడొక చిక్కుంది. డ్రైవరును తీసేయాలంటే కంప్యూటర్ మొదలవ్వాలి. మొదలైన ప్రతిసారీ డ్రైవరే దాన్ని ఆపేస్తోంది! ఈ చిక్కు కోసమే విండోస్‌లో సేఫ్ మోడ్ అనే దారి పెట్టారు. అన్ని స్విచ్చులూ తీసేసి దీపం ఒక్కటే వేసినట్లు, ఇందులో అత్యవసరమైన డ్రైవర్లు మాత్రమే మేలుకుంటాయి. సౌండ్ డ్రైవర్ మేలుకోదు. అందుకే సేఫ్ మోడ్‌లో పాటలు వినపడవు. అది చూసి కంగారుపడకండి.

1. ప్రారంభం వరుసగా విఫలమైతే విండోస్ 10, 11 తమంతట తామే మరమ్మతు తెర చూపుతాయి. అందులో ‘ట్రబుల్‌షూట్’, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘స్టార్టప్ సెట్టింగ్స్’, ‘రీస్టార్ట్’ వరుసగా ఎంచుకోండి. తరువాత వచ్చే పట్టీలో 4 అంకె నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. మధ్యలో రికవరీ కీ అడిగితే ఇంట్లో పెద్దల సాయం తీసుకోండి.

2. లోపలికి వెళ్ళగానే ముఖ్యమైన ఫైళ్ళను పెన్ డ్రైవ్‌లోకి నకలు తీసుకోండి. మిగిలిన పనులన్నీ దీని తరువాతే.

3. ‘డివైస్ మేనేజర్’ తెరిచి, సౌండ్ పరికరాల వరుసలో అనుమానం ఉన్నదాన్ని ‘డిసేబుల్’ చేయండి. చెరపవద్దు, ఆపితే చాలు. ఇప్పుడు కంప్యూటర్‌ను మామూలుగా మొదలుపెట్టండి.

4. చక్కగా మొదలైందా? అనుమానం బలపడింది. ఆ పరికరం ‘ప్రాపర్టీస్’లో డ్రైవర్ పేజీకి వెళ్ళి ‘రోల్ బ్యాక్’ నొక్కితే పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. ఆ బొత్తాం పనిచేయకపోతే, మీ కంప్యూటర్ నమూనా పేరు సరిచూసుకుని, తయారీదారు ఇచ్చిన డ్రైవరునే వేయండి. తరువాత పరికరాన్ని మళ్ళీ ‘ఎనేబుల్’ చేయండి.

సేఫ్ మోడ్‌లోనూ కంప్యూటర్ ఆగిపోతే? సౌండ్ డ్రైవర్ అప్పుడు నిద్రలోనే ఉంది కదా! నిద్రపోతున్నవాణ్ణి దొంగ అనలేం. మెమరీ, డిస్క్ వంటి వాటిని పరీక్షించాలి.

దోషిని పట్టే లెక్క

సేఫ్ మోడ్‌లో బాగానే ఉంది కాని, సౌండ్ డ్రైవర్ ఆపినా జబ్బు పోలేదనుకోండి. ఈమధ్య చేర్చిన ప్రోగ్రాంలు, పరికరాలు 8 ఉన్నాయి. దోషి వాటిలో ఒక్కటే. ఒక్కొక్కటే ఆపి చూస్తే 7 సార్లు ప్రయత్నించాల్సి రావచ్చు. సగం ఆపి చూడండి. జబ్బు పోతే దోషి ఆ 4లో ఉంది, పోకపోతే మిగతా 4లో. తరువాత 2, తరువాత 1. మూడే ప్రయత్నాలు! 16 ఉంటే ఎన్ని కావాలో మీరే లెక్కకట్టండి.

ఒకప్పటి తగాదా

ఈ జబ్బు కొత్తది కాదు. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ అనే కార్డును విడుదల చేసింది. ఇటువంటి కార్డు పని పడినప్పుడు ప్రాసెసర్‌ను ఒక నంబరున్న తీగె మీద పిలుస్తుంది. ఆ నంబరును 5 అనో 7 అనో కొన్నవారే అమర్చుకోవాలి. సాధారణంగా 7 ప్రింటర్‌ది. ఇద్దరూ ఒకే నంబరు మీద పిలిస్తే తగాదా! 1995లో వచ్చిన విండోస్ 95 ఈ నంబర్లను తానే పంచిపెట్టడానికి పూనుకుంది. 2007లో అందరి చేతికీ వచ్చిన విండోస్ విస్టాలో, ధ్వనులను కలిపే పనిలో చాలా భాగాన్ని ఇంజనులోంచి తీసి ప్రయాణికుల పెట్టెలోకి మార్చారు. అక్కడ తప్పు జరిగినా రైలు ఆగదు.

చివరిగా ఒక్క మాట. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేసిన మార్పునూ, కలిగిన ఫలితాన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఒకేసారి నాలుగు మార్చితే కంప్యూటర్ బాగుపడినా, ఎందుకు బాగుపడిందో మీకు తెలియదు. అదే జబ్బు మళ్ళీ వస్తే మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవలసిందే!