మందుల చీటీలో భీమవరం డాక్టరు

బోదకాలు పురుగును పట్టుకోవాలంటే రాత్రివేళ వెళ్లాలి. పగలంతా దాని పిల్లలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో తలదాచుకుంటాయి. ఊరు సద్దుమణిగి, దోమ తిరిగే వేళకు చర్మం కింది రక్తంలోకి చేరతాయి. అందుకే పైలేరియా సిబ్బంది భోజనాలయ్యాక వచ్చి తలుపు తట్టేవారు. వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకుని వెళ్లేవారు. నిద్ర చెడగొట్టారని తిట్టినవాళ్లకూ, తిట్లు తిన్నవాళ్లకూ గోదావరి డెల్టాలో కొదవ లేదు.

పెనుగొండ, ఆచంట, మార్టేరు, పాలకొల్లు... ఈ వైపు ఏ ఊరు చూసినా ఒక పక్క పంటకాలవ, మరో పక్క మురుగుకాలవ. మురుగు నిలిచిన చోట క్యూలెక్స్ దోమకు పండగే. అది కుట్టి కుట్టి పురుగును ఒంట్లో వదులుతుంది. మొదట గజ్జల్లో బిళ్ల కట్టడం, చలిజ్వరం, తర్వాత వాపు. ఏళ్లు గడిచేసరికి కాలు చెప్పులో పట్టదు. మగవాళ్లకైతే వరిబీజం. ఆడపిల్ల కాలు వాచిందంటే సంబంధాలు వెనక్కి పోయేవి. చావు తెచ్చే జబ్బు కాదు కాబట్టి పెద్ద డాక్టర్ల దృష్టి దీని మీద పెద్దగా పడలేదు. పడినా చాలాకాలం చేతిలో సరైన మందు లేదు.

ఆ మందు 1947లో వచ్చింది. పేరు డైఇథైల్‌కార్బమజిన్. అమ్మకానికి పెట్టిన పేరు హెట్రజాన్. దాన్ని కనిపెట్టింది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో, లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో. ఆ పరిశోధన విభాగానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన మనిషి. పెనుగొండ నుంచి బస్సెక్కితే గంటలో చేరే ఊరు.

సుబ్బారావు గారి గురించి మనవాళ్లు రాసేదంతా దాదాపు ఒకే పాట. నోబెల్ రాలేదు, తెల్లవాడు అన్యాయం చేశాడు, దేశం మరిచిపోయింది. అన్యాయం జరగలేదని కాదు. కానీ ఆ ఏడుపులో అసలు సంగతి మునిగిపోతోంది. ఆయన డాక్టరు. చదివింది వైద్యం. రోగి నాడి పట్టుకునే అవకాశం మాత్రం జీవితంలో దాదాపు రాలేదు. మదరాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీ పిలుపు విని ఖద్దరు కోటు తొడిగి శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. ఫలితం, ఎంబీబీఎస్ పట్టా చేతికి రాలేదు, దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పట్టా అమెరికాలో ఆసుపత్రి ఉద్యోగానికి చాలలేదు. బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి మాత్రం ఏ పట్టా అడగలేదు. ఆ పని చేశారు.

అంతకు ముందు మదరాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. చిన్నప్పుడు రాజమండ్రి బడిలో చదువు సరిగ్గా అబ్బలేదు. పదమూడేళ్లప్పుడు ఇంట్లోంచి పారిపోయారు, కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని. తల్లి వెంకమ్మ పట్టుకొచ్చి మళ్లీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. డాక్టరీ చదువుకు డబ్బు సర్దినవాళ్లలో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ముఖ్యులు. తర్వాత ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లాడారు. అమెరికా ప్రయాణానికి మామగారితో పాటు కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేయూతనిచ్చింది. బియ్యపు మూటల మీద బతికిన డెల్టా డబ్బు, ధర్మం డబ్బు, కలిసి ఒక కుర్రాణ్ని 1922 అక్టోబరులో బోస్టన్‌లో దించాయి. గర్భిణిగా ఉన్న భార్యను ఇక్కడే వదిలి వెళ్లారు. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. సుబ్బారావు మళ్లీ ఈ నేల మీద కాలు పెట్టలేదు. ఈ సంగతిని గొప్ప త్యాగంగా రాసేవాళ్లున్నారు. శేషగిరమ్మ గారి వైపు నుంచి చూస్తే ఆ మాట అంత తేలిగ్గా నోట రాదు.

ఆయన్ని పరిశోధన వైపు తోసింది ఇంట్లో చావులు. 1918లో ఇద్దరు అన్నదమ్ములు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్దిరోజుల తేడాలో పోయారు. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడిపోతుంది. అప్పటి వైద్యానికి దాని అంతు తెలియదు.

ఆ పలచబడే రక్తం అంతు చిక్కడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. దారిలో ఎందరో చేతులు వేశారు. 1928లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం ఎందుకు క్షీణిస్తోందో చూడటానికి లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ వచ్చింది. ఈస్టు సారంతో చేసిన చవకరకం మార్మైట్ పెడితే తేరుకుంటున్నారని కనిపెట్టింది. అందులో ఉన్నదేమిటో ఆమెకు తెలియదు. 1941లో అమెరికన్లు కొందరు 4 టన్నుల పాలకూర ఉడికించి, వడబోసి, ఒక పదార్థాన్ని పట్టి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాని నిర్మాణం తేల్చి ప్రయోగశాలలో తయారు చేసింది సుబ్బారావు గారి బృందం, 1945లో. ఆ మరుసటి ఏడాది ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వ్యాసానికి 16 మంది రచయితలు. ఆయన పేరు ఏడోది. బృందానికి పెద్దాయనే అయినా తన పేరు మొదట పెట్టుకోలేదు. నోబెల్ గురించి బాధపడేవాళ్లు ఈ ఏడో స్థానాన్ని ఒకసారి చూడాలి. ఆ మనిషి తీరు అందులో ఉంది.

పెనుగొండలో ఇవాళ ఏ గర్భిణి చేతి సంచీ వెతికినా ఆ ఆమ్లం దొరుకుతుంది. ఏఎన్‌ఎం ఇచ్చే ఐరన్ బిళ్లలో ఇనుముతో పాటు ఉండేది అదే.

ఇక క్యాన్సర్ కథ. నిజానికి ఇది ఒక పొరపాటుతో మొదలైంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉండేవాడు. అతని పనంతా సూక్ష్మదర్శిని కింద, చనిపోయిన పిల్లల కణజాలంతో. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలు వారాల్లో పోతుంటే చూడలేక ఏదో ఒకటి చేద్దామనుకున్నాడు. ఫోలిక్ ఆమ్లం రక్తం పట్టిస్తుంది కదా అని దానికి సంబంధించిన పదార్థాలను లెడర్లీ నుంచి తెప్పించి ఇచ్చాడు. జబ్బు తగ్గకపోగా రెచ్చిపోయింది. పెరిగే కణానికి ఫోలిక్ ఆమ్లం మేత అని అప్పుడు అర్థమైంది. అయితే ఆ మేతను అడ్డుకుంటే? అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే కనబడి, కణాన్ని మోసం చేసే దొంగ ఆమ్లాలు కొన్ని సుబ్బారావు ప్రయోగశాలలో తయారవుతున్నాయి. వాటిలో అమినోప్టెరిన్ 1947 డిసెంబరులో ఫార్బర్ చేతికి చేరింది. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో ఫలితాలు వచ్చాయి. మందు పడిన 16 మంది పిల్లల్లో 10 మంది తేరుకున్నారు. కొన్నాళ్లకే. మళ్లీ తిరగబెట్టింది. అయినా మందుతో రక్త క్యాన్సర్ వెనక్కి తగ్గడం వైద్యులు కళ్లారా చూశారు. కీమో అనే మాటకు ఇవాళ మనం ఇచ్చే అర్థం అక్కడ బలపడింది.

ఆ తర్వాత రెండు నెలలకే, 1948 ఆగస్టులో, నిద్రలో గుండె ఆగి సుబ్బారావు పోయారు. వయసు 53.

అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేట్. దానికి విషం పాలు తక్కువ, అందుకే నిలబడింది. 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ గర్భసంచికి సంబంధించిన ఒక క్యాన్సర్‌ను ఈ మందుతో పూర్తిగా నయం చేశారు. తర్వాత రొమ్ము, ఎముక క్యాన్సర్లకు చేరింది. చిన్నపిల్లల రక్త క్యాన్సర్‌లో మొదటి విడత చికిత్స అయ్యాక రెండేళ్ల పైన వారానికోసారి మింగే బిళ్ల ఇప్పటికీ ఇదే. బాగా నడిచే దేశాల్లో ఆ జబ్బు వచ్చిన నూరుమంది పిల్లల్లో తొంభై మంది దాకా బతుకుతున్నారు. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు కూడా తక్కువ మోతాదులో దీన్నే రాస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. కీళ్ల నొప్పులకు రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకునేది. చీటీ సరిగ్గా చదవక రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఏ రోజు వేసుకోవాలో ఆ వారం పేరు మందుల షాపు వాడి చేత పట్టీ మీద రాయించుకోండి. దాని దుష్ప్రభావం తగ్గడానికి డాక్టర్లు మరో రోజు ఇంకో బిళ్ల రాస్తారు. అది ఫోలిక్ ఆమ్లం. విటమినూ, ఆ విటమినుకు విరోధీ, రెండూ ఒకే ప్రయోగశాల సరుకు, ఒకే చీటీ మీద. భీమవరం డాక్టరు ప్రాక్టీసు పెట్టలేదని ఎవరన్నారు?

మళ్లీ బోదకాలు దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో వేలమంది అమెరికా సైనికులకు ఈ జబ్బు పట్టుకుంది. దాంతో పెద్ద దేశాలకు దీని మీద హఠాత్తుగా శ్రద్ధ కలిగింది. పేదవాడి కాలికి లేని విలువ సిపాయి కాలికి ఉంటుంది మరి. లెడర్లీలో హెవిట్ బృందం పత్తి ఎలుకల మీద పరీక్షించి హెట్రజాన్‌ను తేల్చింది. ప్యూర్టో రికోలో రోగులకు ఇచ్చి చూశారు. మన దేశంలో 1955లో జాతీయ పైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రాజమండ్రిలో పైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం వెలిసింది. 2004 నుంచి ఏటా ఒకరోజు, జబ్బు ఉన్నా లేకున్నా ఊరంతటికీ ఈ మందు బిళ్లలు మింగించే పద్ధతి వచ్చింది. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడ్డవాళ్లు తప్ప అందరూ మింగాలి. మింగాక కొందరికి తలతిరుగుడు, జ్వరం. అది ఒంట్లో పురుగులు చస్తున్న గుర్తు. కానీ జనానికి ఆ సంగతి ముందే చెప్పకపోతే మాత్ర చెడ్డదనుకుంటారు. ఎదురుగా తీసుకుని, కార్యకర్త గుమ్మం దాటగానే బీరువా మీద పెట్టేసిన బిళ్లలు ఎన్నో.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఈ మందు పురుగును చంపుతుంది, వాచి గట్టిపడిన కాలిని మామూలుగా చేయలేదు. రోజూ సబ్బుతో కడిగి తుడుచుకోవడం, వేళ్ల సందుల్లో పుండు పడకుండా చూసుకోవడం, కాలు ఎత్తులో పెట్టుకోవడం, వీటితోనే చలిజ్వరాలు తగ్గుతాయి. ఆ కాలితో బతుకుతున్న పెద్దవాళ్లను చాలామంది లెక్కలోకి తీసుకోవడం లేదు. కొత్త కేసులు తగ్గాయి కదా అని.

క్యాన్సర్ వైపు కథ తిరగబడింది. మందు ఉంది, ధరల నియంత్రణ జాబితాలో ఉంది, ఒకప్పుడు ఆరోగ్యశ్రీ, తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అన్న పథకం ఉంది. లేనిది దగ్గరితనం. పెనుగొండ మనిషికి నోట్లో పుండు మానకపోతే మొదట తణుకు, తర్వాత భీమవరమో రాజమండ్రో, అక్కడ ‘పెద్దాసుపత్రికి పొండి’ అంటే కాకినాడ, విశాఖలో అగనంపూడి దగ్గరి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, లేదంటే హైదరాబాదు. రేడియేషన్‌కు ‘కరెంటు పెట్టాలి’ అన్నారంటే వారాల తరబడి ఊరు కాని ఊళ్లో కాపురం. తోడు ఉన్నవాడి కూలి పోతుంది. ఈ లోపు నొప్పి తగ్గిందని చికిత్స మధ్యలో వచ్చేసేవాళ్లున్నారు. లంక పొగాకు చుట్టలు, కోస్తాలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, వీటివల్ల అంగిట్లో పుట్టే క్యాన్సర్లు ఎంత తొందరగా చూస్తే అంత మంచిది. 2025లో అనపర్తి నియోజకవర్గంలోని బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువన్న గోల శాసనసభ దాకా వెళ్లింది. వైద్యబృందాలు ఇంటింటికీ తిరిగాయి. అలా ఇంటి గుమ్మం దాకా వెళ్లి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించడం పత్రికల్లో గోల లేని ఊళ్లలో కూడా ఏటా జరగాల్సిన పని.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో ప్రతి జిల్లా ఆసుపత్రిలో డేకేర్ క్యాన్సర్ కేంద్రం పెడతామన్నారు. 2022 నుంచి పశ్చిమగోదావరికి జిల్లా కేంద్రం భీమవరమే. ఆ కేంద్రం అక్కడ నిజంగా నడిస్తే, విశాఖలో మొదటి విడత అయిన పిల్లవాడు వారం వారం బిళ్లకు, రక్తపరీక్షకు రైలెక్కక్కర్లేదు. దానికి సుబ్బారావు గారి పేరు పెడతారా, విగ్రహం ఎంత ఎత్తు ఉండాలి అన్న చర్చ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ముందు అక్కడ క్యాన్సర్ డాక్టరు వారంలో ఏ రోజుల్లో ఉంటారు, కీమో ఎక్కించడం వచ్చిన నర్సులు ఎందరు, మెథోట్రెక్సేట్ నెలాఖరుకు నిండుకుంటుందా అని అడగాలి.